టోన్ గ్రేస్ చూస్తది

ప్రింటరులోంచి అప్పుడే బయటికి వచ్చిన నూలు కాగితానికి ఒక వాసన ఉంటుంది. కొత్తగా సున్నం వేసిన గదిలో తడిబట్టలు ఆరేసినట్టు ఉంటుంది. ఈ ఉదయం జల్‌పల్లిలో నా చిన్న ల్యాబులో ఒక నలుపు తెలుపు ఫోటో తీసి ట్యూబులైటు కింద పట్టుకున్నాను. ఎవరో పెద్దాయన, తలపాగా, బుగ్గ మీద కిటికీ వెలుగు. ఆ బుగ్గ మీద, తెలిసినవాళ్లకు తప్ప కనబడనంత పలచగా ఒక ఆకుపచ్చ జీర. కాగితాన్ని వాకిట్లోకి తీసుకుపోయి నీడపట్టున చూశాను. అక్కడ జీర లేదు. లోపలికి వచ్చాను, మళ్లీ ఉంది. ఇలా లోపలికీ బయటికీ తిరగడం నాకు నేర్పింది రాజమణి మేడం. ఆ వాసన ముక్కుకు తగలగానే న్యాయంగా ఆమె గుర్తుకు రావాలి. కానీ ముందు గుర్తుకు వచ్చేది గ్రేస్. ఆ పేరు తలపుకు రాగానే పచ్చి చింతకాయ కొరికినట్టుంటుంది. ఇన్నేళ్లయినా ఆ పులుపు తగ్గలేదు. అందుకే మేడం గురించి రాయాలని కూర్చుంటే, నాకు ఇష్టం ఉన్నా లేకపోయినా, గ్రేస్ గురించి కూడా రాయవలసి వస్తోంది.

మేడం ల్యాబు శాలిబండ నుంచి అలియాబాద్ పోయే దారిలో ఒక సందు మలుపులో ఉండేది. కింద ఫ్రేములు కట్టే దుకాణం, పైన మేము. ఆమె భర్త చీకటిగదిలో ఫోటోలు కడిగిన మనిషి. ఆయన పోయాక మేడం ఆ గది గోడలకు పట్టిన మందు మరకలు కడిగించి, కిటికీ తెరిపించి, పెద్ద ఇంక్‌జెట్ ప్రింటరు పెట్టించింది. చుట్టుపక్కల ఇళ్లలో చెదలు తిన్న ఫోటోలు, తడిసి ముద్దయిన ఫోటోలు, గుంపులోంచి ఒక్క ముఖం కోసి తెచ్చిన ఫోటోలు అన్నీ మా దగ్గరికే వచ్చేవి. వాటిని బాగుచేసి, పెద్దవిగా, నలుపు తెలుపులో తీసి ఇవ్వడం మా పని. నలుపు తెలుపు అంటే రంగు లేనిదని లోకం అనుకుంటుంది. నేనూ అలాగే అనుకుని పనిలో చేరాను. తీరా చూస్తే అన్నిటికంటే రంగు తంటా ఉన్నది అందులోనే. నలుపు, బూడిద, లేత బూడిద ఇంకుల్లోకి మిషన్ పిసరంత పసుపో ఎరుపో నీలమో కలిపితేగానీ బూడిదరంగు కంటికి బూడిదరంగులా కనబడదు. ఆ పిసరు అటు పోతే మనిషికి కామెర్లు సోకినట్టుంటుంది, ఇటు పోతే శవంలా ఉంటుంది. సరిపోయిందనుకుంటే ట్యూబులైటు కింద ఒక తీరు, బల్బు కింద ఇంకో తీరు. ఆ పిసరు ఎంతో తేల్చడాన్ని మేము టోన్ చూడటం అనేవాళ్లం. కిటికీ దగ్గరి బల్ల మీద కూర్చుని ఆ పని మేడం ఒక్కతే చేసేది.

ఆ బల్ల నాకు కావాలి. పనిలో చేరిన మొదటి వారం నుంచే కావాలి. జీతం పెంచమని నేను ఎన్నడూ అడగలేదు, ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టమని మాత్రం మనసులో రోజూ అడిగాను. మేడం పొట్టి మనిషి, బుగ్గన ఎప్పుడూ వక్కపలుకు ఉండేది, కళ్లద్దాలు మెళ్లో తాడుకు వేలాడేవి. కోపం వచ్చినా నవ్వు వచ్చినా ఒకే గొంతు. నేను తీసిన ప్రింటును తడి ఆరకుండానే చూపించబోతే చెయ్యి అడ్డం పెట్టేది. "తడి ప్రింటును నమ్మకు రా వెంకటేశూ. తడి మీద అందరు అందంగనే ఉంటరు. రేపు పొద్దుగాల చూద్దాం" అనేది. మర్నాడు దాన్ని తీసుకుని లోపల చూసేది, గడప మీద నిలబడి చూసేది, సందులోకి దిగి చూసేది. "మూడు జాగల్ల గుడ మనిషి మనిషి లెక్కనే ఉండాలె" అనేది. నేను వెనకాలే తిరిగేవాణ్ని. నా మట్టుకు నేను ఒక మీటరు కూడా తెప్పించుకున్నాను, కాగితం మీద ఆనిస్తే ఏ రంగు ఎంత ఉందో అంకెల్లో చెప్పేది. మేడం దాన్ని తిప్పి తిప్పి చూసి, "మంచిగుంది, పెట్టుకో" అంది. ప్రింటు పట్టుకుని ఎప్పటిలాగే గడప మీదికి నడిచింది.

అలాంటి రోజుల్లో గ్రేస్ వచ్చింది. సైదాబాద్ అమ్మాయి. వాళ్ల నాన్న బస్సు డిపోలో మెకానిక్కు. పనికి ఆలస్యంగా వచ్చేది, బత్తాయి పండు ఒలుచుకుంటూ కంప్యూటరు ముందు కూర్చునేది, ఎవరితోనైనా ఇట్టే కలిసిపోయి నవ్వేది. నన్ను అన్నా అనేది. స్కాను చేయడం, చిరుగులు అతకడం ఆమె పని. నాకు ఆమెతో మొదట్లో ఏ పేచీ లేదు. నాకంటే వెనక వచ్చింది, నా వెనకే ఉంటుందనుకున్నాను.

యాదగిరి అనే ఆయన తన తండ్రి ఫోటో తీసుకుపోయి, రెండో రోజే తిరిగి వచ్చాడు. తండ్రి గుళ్లో డోలు వాయించినవాడు. ఆ ఫోటో మేడం ఊళ్లో లేనప్పుడు నేను ఒక్కణ్నే తీశాను, టోన్ కూడా నేనే చూశాను. మీటరు పెట్టి, ఎక్కడా ఏ రంగూ మిగలకుండా చేశాను. నా లెక్క ప్రకారం అంతకంటే శుద్ధమైన బూడిదరంగు ఆ సందులో ఎవరూ తీసి ఉండరు. యాదగిరి ఫ్రేమును బల్ల మీద పెట్టి, "ఏందన్నా ఇది, మా బాపు నీలవడ్డడు. సచ్చినోన్ని మల్ల సంపినట్టు నీలంగ కొట్టిండ్రు" అన్నాడు. నేను ఫోటో చూశాను. నీలం లేదు. మీటరు ఆనించి ఆయనకు అంకెలు చూపించాను. "మీ మిషన్ సంగతి నాకెర్క లేదు. మా అమ్మ చూసి లొల్లి వెట్టింది, గా ఫోటో తీసెయ్యుండ్రి అని" అన్నాడు. మేడం అప్పటికి వచ్చి ఉంది. వక్క నములుతూ నన్నే చూస్తోంది.

గ్రేస్ కుర్చీలోంచి లేచి వచ్చింది. "అన్నా, ఇంట్ల ఏడ పెట్టిండ్రు? దండ ఏసిండ్రా?" అని అడిగింది. "ఎయ్యమా మరి? ఇంత లావు బంతిపూల దండ" అన్నాడు యాదగిరి. గ్రేస్ చెప్పులు వేసుకుని కిందికి పోయి, సందు మొగలో పూలమ్మి దగ్గర మూడు మూరల బంతి దండ కొనుక్కొచ్చింది. ఫ్రేము చుట్టూ వేసింది. అందరం చూస్తుండగానే ఆ ముదురు నారింజ పూల మధ్య పెద్దాయన ముఖం చల్లబడి నీలమయింది. దండ తీసింది, బూడిదరంగు. వేసింది, నీలం. కాగితంలో నీలం లేదు, పువ్వు పక్కన పెడితే కంటికి పుడుతోంది. దండ పడే ఫోటోకు ముందే కొంత వెచ్చదనం కలిపి ఉంచాలన్నమాట. మేడం గట్టిగా నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను. "గుడిమల్కాపూర్ పూలన్ని మీ ఇంట్లనే ఉంటయి గదరా, నీకెందుకు తోచలే?" అంది నాతో.

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మా నాన్న లాల్‌దర్వాజ దగ్గర ఒక గుళ్లో పరిచారకం చేసేవాడు. తెల్లవారకముందే గుడిమల్కాపూర్ పోయి పూలు తెచ్చేవాడు. మా అమ్మ దండలు కట్టేది. నేను బంతిపూల గుట్టల మధ్య కూర్చుని చదువుకున్నవాణ్ని, మా తాత ఫోటోకు దండ మార్చడం నా పనే. గ్రేస్ వాళ్ల ఇంట్లో ఫోటోకు దండ వేసే అలవాటే లేదు. పూలు మా ఇంటివి, కన్ను ఆమెది. దీపం కింద చీకటి అంటారు, అది నేనే. ఆ రోజు యాదగిరికి కొత్త ప్రింటు గ్రేస్ టోన్ చూస్తుంటే నేనే తీశాను. మర్నాడు ఆయన వచ్చి దండ వేసి చూసుకుని, "గిప్పుడు మా బాపు లెక్క ఉన్నడు" అని కళ్లు తుడుచుకుని, గ్రేస్‌కు దండం పెట్టి పోయాడు. ప్రింటు తీసిన చేతులు నావి. ఆ సంగతి ఆయనకు చెప్పాలని నోటిదాకా వచ్చింది.

అప్పటినుంచి మా ల్యాబులో ఫోటో ఎవరు తెచ్చినా, దండ ఏ పువ్వుది, ఎక్కడ పెడతారు, బల్బా ట్యూబులైటా అని అడగడం ఆచారమయింది. నేను కూడా అడిగేవాణ్ని. అడిగిన ప్రతిసారీ నా నోటితో గ్రేస్‌ను మెచ్చుకుంటున్నట్టు ఉండేది. మేడం ఆమెను మెల్లగా కిటికీ దగ్గరికి పిలవడం మొదలుపెట్టింది. నన్ను రా అని పిలిచే మనిషి ఆమెను బిడ్డా అనేది. మేడం సొరుగులో మెత్తటి గుడ్డలో చుట్టిన ఒక పాత ప్రింటు ఉండేది, ఆమె భర్త చీకటిగదిలో కడిగినది. ఖాళీ కుర్చీ మీద ఆరేసిన ధోవతి, అంతే, మనుషులెవరూ లేరు. పని చేసి చేసి కన్ను దారి తప్పినప్పుడు ఆమె దాన్ని తీసి కాసేపు చూసుకుని మళ్లీ పనిలో పడేది. నాకు దాన్ని చూపించడానికి ఆమెకు కొన్నేళ్లు పట్టింది. గ్రేస్‌కు చలికాలం దాటకముందే చూపించింది. గ్రేస్ బత్తాయి వాసన కొట్టే చేతులతో దాన్ని అందుకోబోతే నేను అదిరిపడ్డాను. మేడం మాత్రం చేతులు తుడుచుకొమ్మని కొంగు ఇచ్చింది.

నాకు ఎక్కువ మంట పెట్టింది ఇంకొకటి. గ్రేస్‌కు నా మీద ఏ అసూయా లేదు. మిషన్ మొరాయిస్తే, "అన్న చెయ్యి పడ్తెనే అది మాటింటది" అని అందరికీ చెప్పేది. నిజంగానే అనేది, వెటకారం కాదు. ఆమె కాస్త పొగరుబోతయితే నా పని ఎంత సులువయ్యేదో. మంచివాళ్లను చూసి ఓర్వలేకపోవడమంత నరకం ఇంకోటి లేదు. పైకి నవ్వాలి, లోపల ఉడకాలి.

కొంతకాలానికి మేడంకు కాగితాలతో పేచీ మొదలయింది. "గీ పేపర్ చూడు, పసుపు. దొంగ మాల్ పంపిండు, వాపస్ చెయ్" అంది. డీలరుతో గొడవపడి కట్ట మార్పించాను. కొత్త కట్ట కూడా పసుపే అంది. మీటరు ఆనించాను. తెలుపు. ఆ మాట చెబితే, "మీటరుకు కండ్లున్నయా?" అంది. నేను ప్రింటరు తల శుభ్రం చేశాను, ఇంకులు మార్చాను, మళ్లీ మళ్లీ పరీక్ష ప్రింట్లు తీశాను. ఈలోగా ఆమె టోన్ చూసిన ఫోటోలు నీలంలోకి జరగసాగాయి. అది నాకు కనబడింది, కనబడలేదని అనను. కానీ మేడం చేసిందంటే నాకు తెలియని కారణమేదో ఉంటుందనుకున్నాను. ఏదో కొత్త పద్ధతి, నాకు చెప్పకుండా గ్రేస్‌కు చెప్పి ఉంటుందని కూడా అనుకున్నాను. నా బుద్ధి ఎప్పుడూ అటే పోయేది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక మేడం మరో కాగితం తీసి విసిరికొట్టింది. గ్రేస్ దాన్ని ఏరి పక్కన పెట్టి, మేడం ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. "మేడం, మీ చీర ఏం రంగు?" అని అడిగింది. "తెలుపు. నీకు కనబడ్తలేదా?" "తెలుపని మీకు తెల్సు. గట్లనే కనబడ్తుందా?" మేడం కొంగు ఎత్తి చాలాసేపు చూసింది. నమలడం ఆపింది. "పసుపు నీళ్లల ముంచినట్టుంది" అంది చివరికి. "పసుపు పేపర్ల లేదు మేడం, కంట్లున్నది. మా డాడీకి గిట్లనే అయింది, శుక్లం" అంది గ్రేస్. కంట్లో పసుపు ఉంటే లోకం పసుపుగా కనబడుతుంది, దాన్ని సరిచేయబోయి చెయ్యి నీలం కలుపుతుంది. తీగ లాగితే డొంకంతా కదిలింది. నేను మిషన్నంతా విప్పి చూశాను, ఇంకులన్నీ చూశాను, ఎదురుగా కూర్చున్న మనిషి కళ్లలోకి చూడలేదు. చూసినా అలా అడిగే ధైర్యం నాకు ఉండేది కాదు. ఆ ధైర్యం మీద కూడా నాకు అసూయే.

ముందు ఒక కంటికి ఆపరేషన్ చేశారు. నల్లద్దాలు తీసేశాక మేడం ల్యాబుకు వచ్చి కిటికీ దగ్గర కూర్చుంది. ఒక కన్ను చేత్తో మూసుకుని ప్రింటు చూసింది, తర్వాత రెండోది మూసుకుని చూసింది. మళ్లీ మొదటిది. "గీ కంటికి నీలం, గీ కంటికి పసుపు. రెండు కండ్లు రెండు సవతులైనయి రా. ఎవల మాటినాల్నో తెలుస్తలేదు" అని నవ్వింది. గ్రేస్ నవ్వింది. నేనూ నవ్వాను గానీ కళ్లు మాత్రం ఆ కిటికీ బల్ల మీదే ఉన్నాయి. ఈ రోజే ఆ మాట వస్తుందని నాకు తెలుసు. మేడం ప్రింటు కింద పెట్టి, "ఇగ నుంచి టోన్ గ్రేస్ చూస్తది. నువ్వు మిషన్ చూస్కో వెంకటేశూ. నీ చేతుల మిషన్ ఎన్నడు మొరాయించలే" అంది. రెండో కన్ను కూడా చేయించుకున్నాక మళ్లీ ఆమే చూసుకుంటుందేమో అనుకున్నాను. అలా జరగలేదు. ఆ కళ్లకు తన పాత బూడిదరంగు మళ్లీ దొరకలేదని ఆమె ఎప్పుడూ అనేది.

గ్రేస్ కిందికి పోయినప్పుడు అడిగేశాను. ఆపుకోలేకపోయాను. "నా కన్ను మంచిగ లేదా మేడం?" ఆమె నన్ను తన రెండు సవతి కళ్లతోనూ చూసింది. "నీ కన్ను మంచిగనే ఉంది రా. కాని నువ్వు ఫోటోను చూడవు. నేనేమంటనో అని నా మొకం చూస్తవ్" అంది. నాకు కోపం వచ్చింది. పదేపదే ఆ మాట తలుచుకుని, అది అబద్ధమని నిరూపించడానికి నా ఉద్యోగం నేనే మానేసి జల్‌పల్లిలో ల్యాబు పెట్టాను. ఇక్కడ ముఖం చూడటానికి ఎవరూ లేరు, ఫోటోను చూడక గతి లేదు. మేడం నాకు చేసిన మేలు అదేనని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం గెంటేసినట్టే అనిపించింది. నా దగ్గరికి వచ్చిన వాళ్లు, "శాలిబండల గ్రేస్ మేడం తీస్తది చూడు, గట్ల కావాలె" అన్నప్పుడల్లా అన్నం సహించేది కాదు. గ్రేస్ మేడం. రాజమణి మేడం పోకముందే ఆ పిలుపు ఆమెకు అతుక్కుంది.

పోయిన ఏడాది వానల్లో మేడం పోయింది. రెండు రోజులయ్యాక మధ్యాహ్నం గ్రేస్ ఆటో దిగి నా ల్యాబులోకి వచ్చింది. రెండు అట్టల మధ్య ఒక ప్రింటు పట్టుకుని ఉంది. కళ్లు ఉబ్బి మూసుకుపోయి ఉన్నాయి. "మేడం ఫోటో అన్నా. నిన్ననే తీసిన. ఏడ్సి ఏడ్సి నా కండ్లు పని చేస్తలేవు, టోన్ తెలుస్తలేదు. నువ్వు చూసి చెప్పు" అంది. "ల్యాబుల ఇంకెవ్వలు లేరా?" అన్నాను. "ఉన్నరు. గని టోన్ చూడాల్నంటే నాకు నువ్వొక్కనివే యాదికొచ్చినవ్. నువ్వేమంటే గదే. మంచిగ లేకుంటె నువ్వే తియ్యి, ఫైల్ తెచ్చిన" అంది.

ఎన్నేళ్లు ఎదురుచూశాను ఆ మాట కోసం. నువ్వు చూసి చెప్పు, నువ్వేమంటే అదే. కాగితాన్ని అందుకున్నాను. లోపల చూశాను. గడప మీద నిలబడి చూశాను. వానలేని వాకిట్లోకి దిగి చూశాను. బల్బు వేసి చూశాను. మేడం కిటికీ వైపు తల తిప్పి ఉంది, బుగ్గన వక్కపలుకు ఉబ్బు, కళ్లద్దాలు గుండెల మీద. ఎక్కడైనా ఒక జీర, చెంప కింద పిసరంత పచ్చదనం, జుట్టులో కాస్త ఎరుపు దొరకాలని వెతికాను. దొరికితే ఆమెను తీసే హక్కు నాది. మీటరు కూడా తెచ్చాను, మళ్లీ జేబులో పెట్టేశాను. ఏ వెలుగులో పెట్టినా మనిషి మనిషిలాగే ఉంది. గ్రేస్ స్టూలు మీద కూర్చుని నా నోటి వైపే చూస్తోంది. ఏదో ఒకటి అంటే నమ్మేస్తుంది. నా కన్ను మాత్రం ఒప్పుకోలేదు. జీవితంలో మొదటిసారి నన్ను ఎవరో టోన్ చూడమన్నారు, చూస్తే నేను చేయడానికి ఏమీ మిగల్లేదు.

"ముట్టకు. గిట్లనే ఉండనియ్యి" అన్నాను. ఆ మాట పూర్తి కాకముందే నాకు కళ్ల వెంట నీళ్లు కారాయి. గ్రేస్ లేచి నా భుజం మీద చెయ్యి వేసింది. "ఊకో అన్నా. మేడంకు నువ్వంటే మస్తు పావురం" అంది. నేను మేడం కోసం ఏడుస్తున్నానని ఆమె అనుకుంది. మేడం కోసం నేను మర్నాడు ఏడ్చాను. ఆ రోజు ఏడ్చింది, ఆ బూడిదరంగు నాది కానందుకు. ఇప్పటికీ ఏ ఫోటో ముందు నిలబడినా ముందు ఆ ఏడుపే గుర్తుకు వస్తుంది, దాని వెనకాలే నా కన్ను తెరుచుకుంటుంది.